నాగలికి చిక్కని పూలు

తెలుగుదేశంలో రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె ప్రవేశించే రోజులలోనే ఉత్తర అమెరికాలో వేసవి మొదలవుతుంది. ఆ రోజులలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఐయోవా రాష్ట్రానికి ఉత్తరపు అంచున, హోవర్డ్ కౌంటీలో, హేడెన్ ప్రెయిరీ అనే చోటికి పోయి చూచేవారికి ఒక వింత కనబడుతుంది. నాలుగు ప్రక్కలా కంటికి ఆనినంత మేర మొక్కజొన్న, సోయా చేలు. వాటి నడుమ దున్నని నేల 240 ఎకరాలు. ఆ నేలలో మోకాలి ఎత్తు గడ్డి, గడ్డిలో వందలాది పూలు. తెల్లనివి, ఊదావి, నీలివి, పసుపువి. వీటికి విత్తులు చల్లినవారు లేరు, నీరు పెట్టినవారు లేరు. అక్కడ రెండు వందలకు పైగా జాతుల మొక్కలు వేల సంవత్సరాలుగా తమంతట తాము పెరుగుతున్నవి.

ఒకప్పుడు ఐయోవా రాష్ట్రంలో నాలుగింట మూడు వంతులకు పైగా నేల ఇట్లాగే ఉండేది. నేడు మిగిలినది వేయి ఎకరాలకు ఒక ఎకరం కూడ కాదు. ఇంత పెద్ద పూలతోట ఒక మనిషి ఆయుర్దాయమంత కాలంలో ఎట్లా మాయమైనది? మిగిలిన కొద్దిపాటి ముక్కలు ఎట్లా బ్రతికి బయటపడినవి? ఈ ప్రశ్నలకు జవాబు తెలిసినవారికి ఆ పూల నడుమ నడక వట్టి విహారంగా ఉండదు.

ప్రెయిరీ అంటే ఏమిటి?

ప్రెయిరీ అనే మాట ఫ్రెంచి భాషది. పచ్చికబయలు అని దాని అర్థం. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచివారు మిసిసిపీ నదీ ప్రాంతానికి వచ్చి, చెట్లు లేని ఆ విశాల ప్రదేశాలను చూచి, తమ ఊరి ప్రక్క పశువులు మేసే బయళ్ళకున్న పేరే వాటికీ పెట్టారు.

ఖండానికి పడమట రాకీ పర్వతాలున్నవి. పసిఫిక్ మహాసముద్రం నుండి వచ్చే తేమగాలిని అవి అడ్డుకొంటాయి. కాబట్టి పర్వతాలకు తూర్పున ఉన్న నేల వానచాటు ప్రదేశం. తూర్పుకు పోయినకొద్దీ మెక్సికో సింధుశాఖ నుండి వచ్చే తేమ వలన వర్షం హెచ్చుతుంది. గడ్డి ఎత్తు కూడ ఈ వర్షాన్ని అనుసరించే ఉంటుంది. పడమట జానెడు గడ్డి, నడుమ నడుమెత్తు గడ్డి, తూర్పున మనిషిని మించిన గడ్డి. ఈ చివరిదానినే పొడుగుగడ్డి ప్రెయిరీ అంటారు. అది ఒకప్పుడు సుమారు పదిహేడు కోట్ల ఎకరాల మేర వ్యాపించి ఉండేది. దానిలో ప్రధానమైన గడ్డి పేరు బిగ్ బ్లూస్టెమ్. మన జొన్న, చెరకు, నిమ్మగడ్డి ఏ తెగకు చెందినవో ఇదీ ఆ తెగకు చెందినదే. శ్రావణ, భాద్రపద మాసాల నాటికి ఆరేడు అడుగులు పెరుగుతుంది. కాని జూన్ నెలలో అది ఇంకా పొట్టిగానే ఉంటుంది. గడ్డి ఎదగకముందే వెలుతురును అందుకొనే పూలజాతులు ఈ కాలంలోనే త్వరపడి పూస్తాయి. వేసవి ఆరంభపు నడకకు అంత విలువ రావడానికి కారణం ఇదే.

తూర్పు భాగంలో చెట్లు పెరగడానికి చాలినంత వాన పడుతుంది. అయినా చెట్లు లేవు. అందుకు ముఖ్య కారణం అగ్ని. మెరుపుల వలన కొంత, అక్కడి ఆదివాసులు బుద్ధిపూర్వకంగా పెట్టినందువలన హెచ్చు భాగం, కొన్నేండ్లకు ఒకసారి గడ్డి తగలబడేది. చెట్టుకు ప్రాణమైన మొగ్గలు కొమ్మల చివర ఉంటాయి. నిప్పు తగిలితే అవి మాడిపోతాయి. గడ్డికి, ప్రెయిరీ పూలమొక్కలకు మొగ్గలు మట్టిలోనే ఉంటాయి. పైన మంట పోయిన వారం రోజులకే మరల చిగురు వేస్తాయి. కోట్ల సంఖ్యలో తిరిగిన అడవిదున్నలు, అనగా బైసన్ మందలు, గడ్డిని మేసి పూలకు చోటు కల్పించేవి.

మొదట చూచినవారు

ఆ పూలను మొదట గుర్తించి పేర్లు పెట్టినవారు యూరోపియన్లు కారు. ఓసేజ్, కాన్సా, పొటావాటమీ, డకోటా మొదలగు జాతులవారికి ప్రెయిరీ ఆహారశాల, ఔషధశాల కూడ. మెల్విన్ గిల్మోర్ అనే పరిశోధకుడు మిస్సోరీ నదీప్రాంతపు జాతుల వృక్షజ్ఞానాన్ని సేకరించి 1919లో ప్రకటించాడు. నేడు లోకమంతటా మందుల దుకాణాలలో అమ్మే ఎకినేసియా, అనగా ఊదారంగు రేకులు క్రిందికి వ్రాలి ఉండే శంకుపువ్వు, వారు వాడిన మందే. వారికి ముఖ్యమైన మరొక మొక్క ప్రెయిరీ దుంప. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది. మన వైద్యులు వాడే బావంచాలకు దగ్గరి చుట్టం. దీని దుంపను జూన్ ప్రాంతంలో, పువ్వు కనబడుతున్నపుడే త్రవ్వుకోవాలి. పూత ముగియగానే పైమొక్క ఎండి, మొదలు విరిగి గాలికి కొట్టుకొనిపోతుంది. పిమ్మట దుంప ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం కష్టం. పువ్వును గుర్తుపట్టగల చూపు వారికి తిండి సంపాదించి పెట్టే విద్య.

యూరోపియన్ వృక్షశాస్త్రజ్ఞులలో చెప్పుకోదగినవాడు థామస్ నట్టాల్. ఈయన ఇంగ్లండులో 1786లో పుట్టి, అచ్చుపని నేర్చి, అమెరికాకు పోయి మొక్కల వెంట పడ్డాడు. 1811లో మిస్సోరీ నది వెంబడి బొచ్చువర్తకుల పడవలలో ప్రయాణం చేశాడు. పడవ ఒడ్డు చేరగానే మొక్కల కోసం పోయి, దారి తప్పి, వెదికించుకొనేవాడని వాషింగ్టన్ ఇర్వింగ్ అనే రచయిత వర్ణించాడు. పడవవాండ్రు ఆయనను పిచ్చివాడనుకొన్నారట. శత్రుభయం కలిగి తుపాకులు పరీక్షించినపుడు ఆయన తుపాకి గొట్టం నిండ మన్ను ఉన్నదనీ, దానితో మొక్కలు పెకలిస్తున్నాడనీ ఒక కథ చెప్పుకొంటారు. ఆ పిచ్చివాడే 1818లో ఉత్తర అమెరికా మొక్కల ప్రజాతులను గూర్చి రెండు సంపుటాల గ్రంథం వ్రాశాడు. ప్రెయిరీ మొక్కల శాస్త్రనామాల చివర నేటికీ ఆయన పేరు కనబడుతుంది.

ఎడారి అన్న పేరు

నట్టాల్ వలె చూచినవారు కొద్దిమంది. తక్కినవారికి చెట్లు లేని నేల ఒక లోపంగా తోచినది. 1819–20లో మేజర్ స్టీఫెన్ లాంగ్ నాయకత్వాన సాగిన సర్వే బృందం పడమటి పొట్టిగడ్డి మైదానాలను దాటి వచ్చి, 1823లో ప్రకటించిన పటంలో ఆ ప్రాంతానికి 'అమెరికా మహా ఎడారి' అని పేరు వ్రాసింది. ఆ బృందంలోని ఎడ్విన్ జేమ్స్ మంచి వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన సేకరించిన మొక్కలే ఆ నేల ఎడారి కాదని సాక్ష్యం చెబుతున్నవి. అయినా ప్రజలలో నిలిచినది పటంలోని పేరే.

తూర్పున పొడుగుగడ్డి నేలలోను మొదట ఇదే అపోహ. చెట్టు మొలవని నేల పంటకు పనికిరాదని తలచి, వలస వచ్చిన రైతులు మొదట ఏటి ఒడ్డు అడవులనే నరికి సేద్యం చేసుకొన్నారు. 1842లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఇల్లినాయ్ రాష్ట్రంలో లుకింగ్ గ్లాస్ ప్రెయిరీని చూడబోయి, చాల నిరాశపడి తిరిగివచ్చాడు. సముద్రం వలె గంభీరంగా ఉంటుందని ఆశించినవానికి అది బోసిగా కనబడింది. దూరం చూచేవానికి ప్రెయిరీలో ఏమీ లేదు. వంగి కాళ్ళ దగ్గర చూచేవానికి అక్కడ అంతా ఉన్నది.

ఉక్కు నాగలి

నేల పనికిరానిది కాదని తెలిసిన పిమ్మట కూడ దానిని దున్నడం తేలిక కాలేదు. వేల ఏండ్లుగా పెనవేసుకొన్న వేళ్ళ చాప నాగలిని ముందుకు పోనిచ్చేది కాదు. మూడు నాలుగు జతల ఎద్దులను, ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చు జతలను పూన్చి, బరువైన మడకతో ఆ చాపను చీల్చవలసి వచ్చేది. చీల్చిన తరువాత మరొక చిక్కు. నల్లని జిగటమన్ను పోతఇనుప కర్రుకు అంటుకొనేది. రైతు కొన్ని అడుగులకు ఒకసారి ఆగి మన్ను గీకివేసుకోవలసి ఉండేది.

1837లో ఇల్లినాయ్‌లోని గ్రాండ్ డిటూర్ అనే పల్లెలో జాన్ డీర్ అనే కమ్మరి, విరిగిన రంపపు ఉక్కుబిళ్ళను వంచి, నున్నగా మెరుగుపెట్టి నాగలిరెక్కగా అమర్చాడు. మన్ను దానికి అంటక జారిపోయింది. నాగలి తన్నుతానే శుభ్రపరచుకొన్నది. ఈ చిన్న మార్పు ఒక ఖండపు ముఖాన్ని మార్చివేసింది. దానికి ముందే 1830 నాటి చట్టం వలన, ఆ పిమ్మటి ఒడంబడికల వలన ఆదివాసులను మిసిసిపీకి పడమటి ఒడ్డుకు తరిమివేశారు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం వలన ఐదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి 160 ఎకరాలు దక్కింది. రైలుమార్గాలు ధాన్యాన్ని అంగళ్ళకు చేర్చినవి. బైసన్ మందలను వేటగాండ్రు తుడిచిపెట్టారు. 1889లో విలియం హార్నడే లెక్కవేసేనాటికి ఖండమంతటా మిగిలినవి వేయికి కొంచెం పైన మాత్రమే. ఇల్లినాయ్ రాష్ట్రంలో రెండు కోట్ల ఎకరాలకు పైబడిన ప్రెయిరీలో నేడు చెడకుండ మిగిలినది రెండు మూడు వేల ఎకరాలకు మించదు. అయినా ఆ రాష్ట్రానికి బిరుదు మాత్రం 'ప్రెయిరీ రాష్ట్రం'.

ఇది వట్టి నాశనకథ అని చెప్పడం న్యాయం కాదు. ఆ నేల కోట్ల ప్రజలకు అన్నం పెట్టింది, నేటికీ పెడుతున్నది. కాని ఆ అన్నం ఎక్కడి నుండి వచ్చినదో తెలుసుకోవాలంటే భూమి లోపలికి చూడవలసి ఉంటుంది.

భూమి క్రింది అడవి

ఆ పని చేసినవాడు నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ ఎర్నెస్ట్ వీవర్ (1884–1966). ప్రెయిరీని పైనుండి చూచినవారే అంతవరకు అందరూ. వీవర్ దాని ప్రక్కన గొయ్యి త్రవ్వి, అందులో దిగి నిలబడి, చిన్న పనిముట్లతో మన్ను రాల్చుతూ ఒక్కొక్క వేరును చివరిదాకా వెంబడించి, కొలిచి, పటం గీశాడు. ఆయన గ్రంథం 'వేళ్ళ జీవావరణ సంబంధాలు' 1919లో వెలువడింది. బిగ్ బ్లూస్టెమ్ వేళ్ళు ఏడడుగుల లోతుకు పోతాయని, లెడ్‌ప్లాంట్ అనే ఊదాపూల పొద వేళ్ళు పది పదిహేను అడుగులు దిగుతాయని తేలింది. ఈ పొద వేళ్ళు నాగలి క్రింద పటపట తెగేవి. రైతులు దానికి 'ప్రెయిరీ జోడుతాడు' అని పేరు పెట్టారు.

మరొక విశేషం, ఈ వేళ్ళన్నీ ఒకే లోతులో ఉండవు. కొన్ని పైపొరలో, కొన్ని నడుమ, కొన్ని అడుగున నీటిని పీల్చుకొంటాయి. అందువలన ఒక గజం నేలలో ఇన్ని జాతులు పోట్లాడుకోకుండ బ్రతుకుతాయి. ప్రెయిరీ మొక్కల బరువులో సగానికి పైగా భూమి క్రిందనే ఉంటుంది. ఏటేటా కొన్ని వేళ్ళు చచ్చి, కుళ్ళి, మట్టిలో కలుస్తాయి. అక్కడి నేల నలుపు ఈ కుళ్ళిన వేళ్ళ నలుపు. ఈ విషయంలో అది మన నల్లరేగడి వంటిది కాదు. మన నల్లరేగడి ఎంత నల్లగా ఉన్నా దానిలో సేంద్రియ పదార్థం తక్కువే.

వేళ్ళ విలువ 1930 తరువాత లోకానికి అనుభవానికి వచ్చింది. పడమటి మైదానాలను గోధుమకోసం విచ్చలవిడిగా దున్నినందువలన, వానలు తప్పిన ఏండ్లలో మన్నును పట్టి ఉంచే వేరు లేకపోయింది. 1935 ఏప్రిల్ 14న లేచిన దుమ్ముతుఫాను పట్టపగలు చీకటి చేసింది. ఆ నెలలోనే నేలకోతను అరికట్టడానికి అమెరికా ప్రభుత్వం ప్రత్యేక శాఖను నెలకొల్పింది. అదే కరవులో వీవర్ తాను ఏండ్ల తరబడి ఎరిగిన ప్రెయిరీలలో ఏ మొక్క చచ్చినదో, ఏది నిలిచినదో వ్రాసిపెట్టాడు.

పూలలో చుట్టరికాలు

ఇప్పుడు జూన్ నాటి ప్రెయిరీలోకి తిరిగి వద్దాం. అక్కడ కనబడే పూలు తెలుగు పాఠకునికి బొత్తిగా పరాయివి కావు.

ఉదయం పోయినవారికి ముందుగా కనబడేది మూడు నీలిరేకుల స్పైడర్‌వర్ట్. దీని శాస్త్రనామం ట్రాడెస్కాన్షియా. మన చేలలో కలుపుగా పెరిగే వెన్నదేవికూర ఈ కుటుంబానిదే. ఎండ ముదరగానే ఈ పువ్వు ముడుచుకొని కరగిపోతుంది. దీని కేసరాలకు సన్నని నూగు ఉంటుంది. ఒక్కొక్క రోమం పూసలదండ వలె ఒకే వరుస జీవకణాలు. 1831లో రాబర్ట్ బ్రౌన్ కణకేంద్రకానికి ఆ పేరు పెట్టినపుడు ఆయన పరిశీలించిన మొక్కలలో ట్రాడెస్కాన్షియా ఒకటి. ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆర్నాల్డ్ స్పారో ఈ నూగునే వికిరణమాపకంగా వాడాడు. తగిన రకపు మొక్కకు వికిరణం తగిలితే నీలికణం గులాబిరంగుగా మారుతుంది. మారిన కణాలను లెక్కిస్తే చాలు.

కొంచెం తడినేలలో షూటింగ్ స్టార్, అనగా ఉల్కపువ్వు. హేడెన్ ప్రెయిరీకి పేరు తెచ్చినది ఇదే. రేకులు వెనుకకు విరుచుకొని, కేసరాలు ముక్కు వలె క్రిందికి పొడుచుకొని ఉంటాయి. ఇందులో మకరందం లేదు. పుప్పొడి కేసరం చివరి చిన్న రంధ్రం గుండ మాత్రమే రాలుతుంది. భ్రమరం దానిని పట్టుకొని వ్రేలాడి, రెక్కల కండరాలను జుమ్మని అదిలించినపుడు పుప్పొడి జల్లుగా పడుతుంది. మన వంకాయ, టమాటా పూలలోను పుప్పొడి రాలే పద్ధతి ఇదే.

మెట్టభాగంలో మీగడరంగు గుత్తులు వ్రేలాడవేసుకొని ఉండేది బాప్టీసియా. దీనిని అక్కడివారు అడవినీలి అంటారు. గ్రీకుభాషలో ముంచి అద్దకం వేయడమనే అర్థం గల మాట నుండి ఈ పేరు వచ్చింది. దీని తోబుట్టువు ఒకదాని నుండి వలసరైతులు నీలిరంగు తీశారు. కాని మన నీలిమందు చెట్టుకు సాటిరాక ఆ పని విడిచిపెట్టారు. రెండూ చిక్కుడు కుటుంబంలోనివే.

నారింజరంగు గుత్తులతో మెరిసేది ఒక అస్క్లీపియాస్. ఇది మన జిల్లేడుకు దాయాది. తక్కిన దాయాదుల వలె దీనికి పాలు కారవు. కాని దీని జాతులపైననే మొనార్క్ సీతాకోకచిలుక గ్రుడ్లు పెడుతుంది. ఆకులోని విషాన్ని పురుగు తన ఒంట దాచుకొని పక్షుల నుండి తప్పించుకొంటుంది. మన జిల్లేడుపై పెరిగే నారింజరంగు సీతాకోకచిలుకది అదే ప్రజాతి, అదే ఉపాయం. మొనార్క్ సంఖ్య తగ్గిపోయినందున 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దానిని అపాయంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చుటకు ప్రతిపాదించింది.

ఇక మన పూలదండలలో కూర్చే గైలార్డియా దక్షిణ మైదానాలలో అడవిపువ్వు. మన తోటలలో చలికాలంలో పూసే ఫ్లాక్స్ టెక్సాస్ నుండి థామస్ డ్రమ్మండ్ 1835లో పంపిన విత్తనాల సంతతి. 1969 నుండి మన దేశంలో నూనెపంటగా ప్రవేశించిన పొద్దుతిరుగుడు పూర్వికులు ఆ గడ్డినేలల అంచులవే. ఆ నేలతో మనకు బంధుత్వం ఇంతగా ఉన్నది.

శ్మశానాలు, రైలుకట్టలు

నాగలి నుండి ప్రెయిరీని కాపాడినవారు మొదట శాస్త్రజ్ఞులు కారు, చట్టాలు కావు. చనిపోయినవారు కాపాడారు. మొదటి వలసరైతులు దున్నకముందే కొంత నేలను శ్మశానంగా విడిచారు. గోరీల నడుమ దున్నరాదు గదా! రైలుపట్టాల ప్రక్క కంచెలోపలి నేలను కూడ దున్నలేదు. పైగా ఇంజను నిప్పురవ్వలు అప్పుడప్పుడు గడ్డిని తగలబెట్టేవి. ప్రెయిరీకి కావలసినదీ అదే. ఎకరం, రెండెకరాలు, ఐదెకరాల ఈ ముక్కలలోనే పాతకాలపు పూలు నిలిచినవి.

వాటి విలువను ముందుగా గుర్తించి ఊరూరా తిరిగినవారిలో ఏడా హేడెన్ (1884–1950) ఒకరు. ఈమె ఐయోవాలోని ఏమ్స్ దగ్గర పల్లెలో రైతు కుమార్తె. ఆమె తండ్రి పొలంలోనే కొంత ప్రెయిరీ ఉండేది. 1918లో ఐయోవా స్టేట్ కళాశాల నుండి డాక్టరు పట్టం పొందిన మొదటి స్త్రీ ఈమె. 1940 దశకం మధ్యలో రాష్ట్రమంతటా మిగిలిన ప్రెయిరీలను వెదకి, ఏది ఎంత ఉన్నదో, ఎక్కడ ఏ మొక్కలున్నవో నివేదికలు వ్రాసి, వాటిని కొని కాపాడవలసిందిగా ప్రభుత్వాన్ని కోరింది. ఆ నివేదికల ఫలితంగా మొదట కొన్న నేల హోవర్డ్ కౌంటీలోని ప్రెయిరీ. ఆమె మరణించిన ఏట దానికి ఆమె పేరు పెట్టారు.

తిరిగి నాటుట

ఉన్నదానిని కాపాడడం ఒక పని. పోయినదానిని తిరిగి తేవడం సాధ్యమా? ఈ ప్రశ్నకు ప్రయోగం ద్వారా జవాబు వెదకినది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. ఆ విశ్వవిద్యాలయపు వృక్షోద్యానం మాడిసన్ నగరంలో 1934 జూన్‌లో ప్రారంభమైనది. అల్డో లియోపోల్డ్ అందులో ముఖ్యుడు. ఉద్యానాలంటే దేశదేశాల మొక్కలు తెచ్చి నాటడమని అందరూ అనుకొనే కాలంలో, ఆ నేలకు పూర్వం ఏ మొక్కలుండేవో వాటినే తిరిగి నాటాలని వారు నిశ్చయించుకొన్నారు. ఆర్థికమాంద్యపు రోజులలో ప్రభుత్వం పనిలో పెట్టిన యువకుల చేత, థియొడోర్ స్పెర్రీ పర్యవేక్షణలో, పాతపొలంలో ప్రెయిరీ గడ్డలు, మొక్కలు, విత్తనాలు నాటించారు.

నాటినవి బ్రతికినవి గాని, యూరపు నుండి వచ్చిన పచ్చికగడ్డి వాటిని అణచివేయసాగింది. అప్పుడు జాన్ కర్టిస్ (1913–1961) అనే వృక్షశాస్త్రజ్ఞుడు నిప్పును ప్రయోగించి చూచాడు. వసంతారంభంలో తగలబెడితే, ముందుగా మేల్కొనే పరాయిగడ్డి దెబ్బతింటుందని, ఆలస్యంగా మేల్కొనే ప్రెయిరీ మొక్కలు హెచ్చుగా పూస్తాయని 1948లో ప్రకటించాడు. అడవికి నిప్పు శత్రువని ప్రచారం సాగుతున్న రోజులలో ఈ ఫలితం చెప్పడానికి ధైర్యం కావాలి. ఆదివాసులకు ఎన్నో తరాలుగా తెలిసిన విషయమే ఈ విధంగా ప్రయోగం ద్వారా రుజువైనది. ఆ పొలం పేరు నేడు కర్టిస్ ప్రెయిరీ.

1975లో మరొక ప్రయత్నం విచిత్రమైన చోట మొదలైనది. షికాగో దగ్గర ఫెర్మీ ప్రయోగశాలలో 2011 దాకా పరమాణు కణాలను పరుగెత్తించిన నాలుగు మైళ్ళ చుట్టుకొలత గల వలయం ఉన్నది. ఆ వలయం లోపలి ఖాళీనేలలో ప్రెయిరీ నాటుటకు రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు అనుమతి పొందాడు. పాతశ్మశానాలలో, రైలుకట్టల ప్రక్కన మిగిలిన మొక్కల నుండి చేతితో విత్తనాలు ఏరి తెచ్చినవారు సామాన్య ప్రజలే. కొద్ది ఎకరాలతో మొదలైన ఆ ప్రెయిరీ వేయి ఎకరాలదాకా పెరిగింది.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఇన్ని దశాబ్దాలు శ్రమించినా, తిరిగి నాటిన ప్రెయిరీ పాత ప్రెయిరీతో సరితూగలేదు. గడ్డి త్వరగా వస్తుంది. కొన్ని పూలు రావు. మట్టిలోని బూజులు, క్రిములు, వేళ్ళు కలిసి వేల ఏండ్లలో అల్లిన అల్లిక ఒక మనిషి జీవితకాలంలో తిరిగి రాదు. దున్నడానికి ఒక పూట పట్టినది మరి!

పూలు వ్రాసే పంచాంగం

నడిచి, చూచి, తేదీ వ్రాసుకోవడం చాల చిన్న పనిగా కనబడుతుంది. దాని ఫలం తెలియడానికి కొన్నిసార్లు అరవై ఏండ్లు పడుతుంది. లియోపోల్డ్ 1935లో సాక్ కౌంటీలో పాడుబడిన పొలం కొని, వారాంతాలలో అక్కడ గడిపేవాడు. ఏ పువ్వు ఏ రోజున మొదట పూసినదో, ఏ పక్షి ఏ రోజున వచ్చినదో వ్రాసుకొనేవాడు. పదేండ్ల లెక్కలను సారా ఎలిజబెత్ జోన్స్‌తో కలిసి 1947లో ప్రకటించాడు. మరుసటి ఏడు పొరుగు పొలంలో లేచిన మంటను ఆర్పబోయి గుండె ఆగి మరణించాడు.

ఆయన కుమార్తె నీనా లియోపోల్డ్ బ్రాడ్లీ 1976 నుండి అదే నేలలో అదే పని కొనసాగించింది. తండ్రి లెక్కలు, కుమార్తె లెక్కలు కలిపి 1999లో ప్రకటించగా, ఆరు దశాబ్దాలలో ఆ ప్రాంతపు వసంతసూచనలు సగటున వారం రోజులు ముందుకు జరిగినవని తేలింది. వేడి హెచ్చిన 2012 వసంతంలో ఇది మరింత స్పష్టమైనది. 1942లో ఇరవై మూడు జాతుల తొలిపూత సగటు తేదీ మే 7. 2012లో అదే సగటు ఏప్రిల్ 13. భూగోళం వేడెక్కుతున్నదని చెప్పడానికి ఉపగ్రహాలు, యంత్రాలు ఉన్నవి నిజమే. కాని 1935 నాటి పువ్వును ఏ యంత్రమూ వెనుకకు పోయి చూడలేదు. ఆనాడు ఒక మనిషి వంగి చూచి వ్రాసినందువలననే ఆ సంగతి నేడు మనకు తెలిసింది. పువ్వు ముందుగా పూసి, దానికి అలవాటైన భ్రమరం అప్పటికి మేల్కొనకపోతే ఏమవుతుందనేది శాస్త్రజ్ఞులు నేడు పరిశీలిస్తున్న ప్రశ్న.

మన గడ్డినేలలు

ప్రెయిరీ చరిత్రలో నాగలి చేసిన పని కంటె ముందుగా పేరు చేసిన పని ఉన్నది. పటంలో 'ఎడారి' అని వ్రాసిన నేలను గూర్చి విచారించేవారుండరు. మన రెవెన్యూ లెక్కలలో 'బంజరు' అన్న మాటకు కూడ ఇంచుమించు అదే బలం ఉన్నది. రాయలసీమలోను, తెలంగాణలోను చెట్లు లేని గడ్డిబీళ్ళు అనేకం ఆ పేరు క్రిందనే ఉన్నవి. రోళ్ళపాడు గడ్డినేలలో బట్టమేకపిట్ట ఉన్నదని తెలిసిన పిమ్మటనే 1988లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. నిజానికి అది అరణ్యం కాదు, గడ్డినేల. దానికి తగిన పేరు కూడ మన చట్టంలో లేకపోయింది.

తొలకరి పడిన తరువాత మన బీళ్ళలోను పేరు తెలియని చిన్నపూలు పూస్తాయి. వాటిలో ఏది ఏ తేదీన పూసినదో వ్రాసిపెట్టిన పుస్తకం ఊరికొకటి ఉంటే, ముందుతరాలవారికి అది విలువైన సాక్ష్యమవుతుంది. అందుకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఏటేటా అదే దారిన నడిచే ఓపిక ఉంటే చాలును. కళాశాలలలోని విద్యార్థులు ఈ పనికి పూనుకొనుట మిక్కిలి అవసరం.